అసలు ఓటుకు ముందు ఓటు

మనుషులు దాచినవన్నీ చూసే దేవునికి స్తోత్రం. ఎవరి మాట వెనుక ఏముందో తెలియని చోట ఇన్నేళ్లు నన్ను కూర్చోబెట్టి, పేరు చెడకుండా ఇంటికి చేర్చాడు గనుక ముందుగా మహిమ ఆయనకే.

కరోనా తగ్గుముఖం పట్టాక నన్ను గోదావరి డెల్టాలోని ఒక మున్సిపాలిటీకి కౌన్సిల్ విభాగం సూపరింటెండెంట్‌గా వేశారు. అదే నా ఆఖరి పోస్టింగు. సమావేశంలో అంశాలు చదవడం, తీర్మానాలు రాయడం నా పని. మాకు ఓటు ఉండదు. చైర్‌పర్సన్ అడిగితే నిబంధన చెప్పాలి. అడగకపోతే, తెలిసినా నోరు మెదపకూడదు.

ఒక వేసవి సమావేశానికి చైర్‌పర్సన్ గారు రెండు అంశాలు పెట్టించారు. మొదటిది, మూతబడిన ప్రసూతి ఆసుపత్రి భవనంలో తాగుడు, గంజాయి మాన్పించే చికిత్సా కేంద్రం. రెండోది, తోపుడుబండ్ల వాళ్లకు, చిన్న దుకాణాల వాళ్లకు తక్కువ వడ్డీకి బ్యాంకు అప్పులు ఇప్పించే పథకం. ఆ భవనాన్ని రొయ్యల మేత గోడౌన్‌కు అద్దెకివ్వాలని వైస్ చైర్మన్ గారి వర్గం చూస్తోంది గనుక వాళ్లకు కేంద్రం ఇష్టం లేదు. బండ్లవాళ్లకు ఎక్కువ వడ్డీకి అప్పిచ్చి రోజూ వసూలు చేసుకునే డైలీ ఫైనాన్స్ వర్గానికి అప్పుల పథకం గిట్టదు. ఫైనాన్స్ వాళ్లకు కేంద్రంతో పేచీ లేదు గనుక విడిగా ఓటుకు పెడితే అది నెగ్గుతుంది. కలిపి పెడితే రెండు వర్గాలూ ఏకమై రెండింటినీ పడగొడతాయి.

సత్యవతి గారనే కౌన్సిలర్ భర్త రాంబాబు గారిది డైలీ ఫైనాన్సే. సమావేశానికి ముందు ఆవిడ నా టేబుల్ దగ్గరికి వచ్చి, "రూతు గారూ, ఆ ఆసుపత్రి అంశం ఈసారైనా వస్తుందాండీ? మా తమ్ముణ్ణి వైజాగ్‌లో చేర్చినా పారిపోయి వచ్చేస్తున్నాడండి. ఇక్కడైతే నేను కాపలా కూర్చుంటాను" అన్నారు. వస్తుందని చెప్పాను. అంతకు మించి చెప్పే అధికారం నాకు లేదు.

మా హాల్లో ఒక అలవాటు ఉండేది. మహిళా కౌన్సిలర్ల భర్తలు వెనుక సందర్శకుల కుర్చీల్లో కూర్చునేవారు. చేతులెత్తమనగానే ఆడవాళ్లు ఒకసారి వెనక్కి చూసేవారు. వెనుక తల ఊగితే ముందు చెయ్యి లేచేది. మినిట్స్‌లో మాత్రం భార్య పేరే ఉండేది.

నేను మొదటి అంశం చదవబోతుంటే వైస్ చైర్మన్ గారు లేచారు. "రెండూ పేదల కోసమే కదండీ. కలిపేసి ఒకే తీర్మానం చేద్దాం, టైం కలిసొస్తుంది" అన్నారు. టైం గురించి ఆయన బెంగపడటం నేనెన్నడూ చూడలేదు. కలిపి రెండింటినీ పడగొట్టడానికేనన్న నా అనుమానం గట్టిపడింది. చైర్‌పర్సన్ గారు నావైపు తిరిగి, "రూలేంటండీ?" అని అడిగారు. సభ్యులు కోరితే కలపవచ్చనీ, అభ్యంతరం ఉంటే కలపాలా వద్దా అన్నదే ముందు ఓటుకు పెట్టాలనీ చెప్పాను. చైర్‌పర్సన్ గారు తనకే అభ్యంతరం ఉందన్నారు.

వెనుక రాంబాబు గారు నవ్వారు. "ఇది అసలు ఓటు కాదులేరా, ఎజెండా గొడవ. పదండ్రా, టీ తాగొద్దాం." భర్తలందరూ వరండాలోకి వెళ్లిపోయారు.

వైస్ చైర్మన్ గారు వెనక్కి తిరిగి ఖాళీ కుర్చీలు చూశారు. సభలో కూర్చున్న మున్సిపల్ కమిషనర్ గారి ముందు ఫలానావారి భర్తను పిలవండని పైకి అనలేరు కదా. "ఒక్క ఐదు నిమిషాలు ఆగుదామండీ" అన్నారు.

"ఎవరి కోసమండీ? సభ్యులంతా ఇక్కడే ఉన్నారుగా" అన్నారు చైర్‌పర్సన్.

విడివిడిగా కావాలన్నవాళ్లను చేతులెత్తమన్నారు. సత్యవతి గారు అలవాటుగా వెనక్కి చూశారు. తరువాత చెయ్యి ఎత్తారు. ఒక్క చేతి తేడాతో వైస్ చైర్మన్ గారి ప్రతిపాదన వీగిపోయింది.

"సత్యవతి గారూ, పొరపాటున ఎత్తినట్టున్నారు. రాంబాబుని ఒక మాట అడగండి" అన్నారు వైస్ చైర్మన్ గారు గొంతు తగ్గించి.

"పొరపాటు కాదండీ. విడివిడిగానే అన్నాను."

మళ్లీ ఓటు పెట్టమని ఆయన పట్టుబట్టారు. ఫలితం ప్రకటించాక కుదరదని నేను చెప్పాల్సి వచ్చింది. చికిత్సా కేంద్రం నెగ్గింది. అంతలో భర్తలు తిరిగొచ్చారు. రెండో అంశానికి సత్యవతి గారు వెనక్కి చూసి, వ్యతిరేకంగా చెయ్యి ఎత్తారు. వైస్ చైర్మన్ గారి వర్గం కూడా అటే కలిసింది. అప్పుల పథకం ఓడిపోయింది.

సభ ముగిశాక చైర్‌పర్సన్ గారు పెద్దగా బాధపడలేదు. వైస్ చైర్మన్ గారు కూడా తొందరగానే చల్లబడ్డారు. బండ్లవాళ్లను వదులుకోవడానికి వాళ్లిద్దరూ ముందే ఒప్పుకున్నారా అన్న అనుమానం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆధారం లేదు గనుక ఎక్కడా రాయలేదు.

ఆ రోజు నుంచి ఎజెండాలో ఏముందన్నదానికంటే, దాన్ని ఏ వరుసలో, దేనితో కలిపి ఓటుకు పెడుతున్నారన్నదే ముందు చూడటం నేర్చుకున్నాను. సభలో ఒకరు నెగ్గితే సంతోషించే ముందు, అదే పూట ఎవరు ఓడిపోయారో కూడా చూడాలని తెలిసింది.

చదివేవారు నాతో కలిసి ఈ ఒక్క మనవి చేయండి. ప్రభువా, ఆ కేంద్రంలో పడుకున్న తమ్ముళ్లను లేపు. బయట బండ్ల దగ్గర ఇంకా ఆ వడ్డీయే కడుతున్నవాళ్లను మరిచిపోకు. మా చేతులు ఎవరివైపూ చూడకుండా లేచే ధైర్యం ఇవ్వు. ఆమేన్.