మూడు ఊతాల క్లారీ

ట్రైలర్ మీద పోతున్న పడవను, ఆ పడవ మీద పడుకోబెట్టిన తెరచాప స్తంభాన్ని చూసి ఊరికే వదిలేయడం క్లారీ బటిమోర్‌కు చేతకాదు. ఆ స్తంభం కింద ఒకసారి చెయ్యి పెట్టి చూడాలి. చూసి, "ఊహూఁ" అనాలి. అంతవరకూ ఆయనకు తిన్నది అరగదు.

మోటుయెకా పడవల క్లబ్బు పాత అధ్యక్షుడు పోయినప్పుడు శవపేటిక మోసిన ఆరుగురిలో క్లారీ ఒకడు. చర్చి గేటు దాటుతుండగా రోడ్డు మీద ఎవరిదో పడవ వెళ్తోంది. వెనక రెండు గజాలు బయటికి పొడుచుకొచ్చిన స్తంభం, చేప పడ్డ గాలపు కర్రలా ఎగిరెగిరి పడుతోంది. క్లారీ తన వంతు బరువు పక్కవాడి భుజానికి అప్పజెప్పి, "రెండు నిమిషాల్లో వస్తా" అంటూ ఆ కారుకు అడ్డం పడ్డాడు. తిరిగొచ్చేసరికి పెద్దాయన్ను గోతిలో దించేశారు. ఆయన భార్య మాత్రం ఏమీ అనుకోలేదు. "మా ఆయన పడవకీ ఊతాలు క్లారీయే చేశాడు. ఈపాటికి పైనుంచి చూసి మెచ్చుకునే ఉంటారు," అంది.

పడవను రోడ్డు మీద తీసుకెళ్లాలంటే స్తంభాన్ని దించి, పడవ పొడవునా పడుకోబెట్టి కట్టాలి. మామూలు మనుషులు ముందొకచోట, వెనకొకచోట ఆనించి, తాడు బిగించి, దేవుడి మీద భారం వేసి బయల్దేరతారు. క్లారీ లెక్కలో ఊతాలు మూడు. పడవ ముక్కు దగ్గర ఒకటి, నడుమ ఒకటి, వెనక ఒకటి.

"రెండు కుర్చీల మీద తలా కాళ్లూ పెట్టి నిన్ను పడుకోబెడితే నిద్రపడుతుందా?" అని అడిగేవాడు, ఎదుటివాడు ఎంత తొందరలో ఉన్నా సరే.

"పట్టదు."

"నడుం పట్టేస్తుందా లేదా?"

"పట్టేస్తుంది."

"పాతికడుగుల అల్యూమినియం గొట్టానికి మాత్రం నడుం ఉండదా?"

అప్పుడు మొదలయ్యే ఉపన్యాసం అరగంట. నడుం కింద ఊతం లేని స్తంభం గతుకు గతుక్కీ ఎలా ఊగుతుందో, ఊగి ఊగి ఎక్కడ నొక్కుపడుతుందో, దాన్ని అంటిపెట్టుకున్న తీగలు ఏ మడత దగ్గర పుటుక్కుమంటాయో, అన్నీ చేతులతో చేసి చూపించేవాడు. నలభై ఏళ్లు ఆపిల్ షెడ్డులో పళ్ల పెట్టెలు సర్దిన మనిషి. తను సర్దిన పెట్టెలో పండు భూమికి అవతలి వైపు తేలినా దాని బుగ్గ మీద మచ్చ ఉండేది కాదని చెప్పుకునేవాడు. రిటైరయ్యాక ఆ ప్రేమంతా స్తంభాల మీదికి మళ్లింది.

ఆయన చేసే ఊతం పైకొస రెండు పంగలుగా చీలి ఉంటుంది. స్తంభం ఆ పంగలో తల పెట్టుకుంటుంది. అక్కడ మెత్తగా ఉండాలి కాబట్టి తివాచీ ముక్క అతికిస్తాడు. తివాచీ ఎక్కడిదంటే, ఆయన భార్య బెరిల్ ముందుగదిలో పరుచుకున్న ఎర్ర గులాబీల ఉన్ని తివాచీ. మొదట బీరువా కింద, ఎవరికీ కనబడనిచోట కోశాడు. తరువాత సోఫా కింద. తరువాత సోఫానే జరుపుకుంటూ వచ్చాడు. ఇప్పుడా గదిలో సోఫా ఎటు జరిపినా చెక్క నేలే. "మా ఇంటి గులాబీలు చూడాలంటే రేవుకి వెళ్లండి," అనేది బెరిల్ వచ్చినవాళ్లతో. అబద్ధం కాదు. ఆ తీరంలో సగం పడవలు గులాబీల మీద తల పెట్టుకునే రోడ్డెక్కేవి.

పక్కింటి నైరీ పోహాటు పడవ మాత్రం ఏడాదిగా రోడ్డెక్కలేదు.

నైరీ స్కూలు బస్సు నడుపుతుంది. నలభై మంది పిల్లలు వెనక కొట్టుకుంటున్నా, ఒకడు వాంతి చేసుకుంటున్నా, స్టీరింగు మీద ఆమె చెయ్యి తొణకదు. అలాంటి మనిషి నిరుటి వేసవిలో తన పడవను కారు వెనక తగిలించుకుని హేవ్‌లాక్ పడవ పోటీలకు బయల్దేరింది. ఫంగమోవా కొండ దిగుతుండగా స్తంభం వెనక కొసకు ఆసరాగా పెట్టిన పలక జారిపోయింది. స్తంభం పక్కకి తిరిగి ఎదురు వరుసలోకి చెయ్యి చాచింది. అద్దంలో అది చూసి నైరీ బ్రేకు తొక్కేసింది. ట్రైలర్ మడతపడి రోడ్డుకి అడ్డం నిలిచింది. ఎదురొస్తున్న దుంగల లారీ గజం దూరంలో ఆగింది.

ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. లారీ డ్రైవరు దిగి, ఆమెను పరకాయించి చూసి, "మా పాప వెళ్లే స్కూలు బస్సు నడిపేది నువ్వే కదూ?" అని మాత్రం అడిగాడు. అంతకంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ తరువాత క్లబ్బువాళ్లు ఎప్పుడు పిలిచినా నైరీకి ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఒకసారి నడుం నొప్పి. ఒకసారి బస్సు మరమ్మతు. ఒకసారి అత్తగారికి జలుబు. అత్తగారు పోయి ఆరేళ్లయిందని ఊరందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ ఏమీ అనలేదు.

ఒక శనివారం పొద్దున నైరీ కాఫీ కప్పుతో పెరట్లోకి వచ్చేసరికి పడవ మీద కప్పిన టార్పాలిన్ లోపల ఏదో దేవులాడుతోంది.

"ఎవరది?"

"నేనే," అంది టార్పాలిన్. "నీ స్తంభం దేనిమీద పడుకుందో ఎప్పుడైనా చూశావా? ఇటుక మీద! ఇటుక మీదమ్మా!"

"అది ఎక్కడికీ వెళ్లడం లేదు క్లారీ. ఇటుకైతే ఏం, పరుపైతే ఏం?"

"ఎక్కడికీ వెళ్లని రోజున నువ్వు ఇటుక మీద తల పెట్టుకుంటావా?"

నైరీ కాఫీ గుక్క మింగింది. క్లారీ ఆ గుక్కను అంగీకారం కింద జమకట్టుకుని, మధ్యాహ్నానికల్లా కొలబద్ద, రంపం, చీజు స్కోన్లనే చిన్న రొట్టెల డబ్బా తెచ్చుకుని పెరట్లో కాపురం పెట్టేశాడు.

మూడు వారాలు పట్టింది. మొదట్లో నైరీ వంటింటి కిటికీలోంచి చూసి నవ్వుకునేది. తరువాత బయటికొచ్చి చూసేది. తరువాత నవ్వడం మానేసింది. క్లారీ కళ్లు మూసుకుని, వేలి కణుపుతో స్తంభం పొడవునా తడుతూ నడిచేవాడు. ఒకచోట ఆగి, "ఇక్కడ దీనికి అలసటగా ఉంది," అనేవాడు. నైరీ అక్కడ దారం పట్టి చూస్తే, నిజంగానే స్తంభం అక్కడే వెంట్రుకవాసి కిందికి వంగి ఉండేది. నడిమి ఊతాన్ని నాలుగుసార్లు చేసి, నాలుగుసార్లు విప్పి, అయిదోసారి బిగించాక చెక్క మీద చెవి ఆనించి విన్నాడు. వెనక ఊతం పంగలో చిన్న రోలర్ పెట్టాడు, రేవులో స్తంభాన్ని లేపేటప్పుడు నైరీ ఒక్కతే ముందుకి దొర్లించుకోగలిగేలా. తీగలన్నీ జడల్లా అల్లి గుడ్డతో చుట్టాడు. మూడు పంగల్లోనూ గులాబీలు పెట్టాడు.

"బెరిల్ ఏమంటుంది?" అని అడిగింది నైరీ.

"ఏమంటుంది? పడగ్గదిలో కూడా తివాచీ ఉందన్న సంగతి నాకు గుర్తు చేయొద్దని నీకు చెప్పమంది."

చివరి రోజు క్లబ్బులోకెల్లా భారీ మనిషి రాస్ కెటిల్‌వెల్‌ను పిలిచి ట్రైలర్ మీద గెంతమన్నాడు. రాస్ గెంతాడు. కారు కదిలింది, ట్రైలర్ కదిలింది, పక్కన కంచె కూడా కదిలింది. స్తంభం పడవతో పాటే లేచి పడవతో పాటే దిగింది, తనంతట తాను మాత్రం ఒక్క పిసరు అటూ ఇటూ కాలేదు. అప్పుడు క్లారీ కోట్లోంచి పచ్చి కోడిగుడ్డు తీసి, నడిమి ఊతం పంగకీ స్తంభానికీ మధ్య సందులో కూర్చోబెట్టాడు.

"స్తంభం వేలెడు దూకిందా, ఇది ఆమ్లెట్టు. ఏటి గట్టు మీద రాళ్ల దారిలో ఒక చుట్టు తిప్పుకురా రాస్."

రాస్ తిప్పుకొచ్చాడు. ఆ దారిలో ఆయన టోపీ పోయింది, వెనక నంబరు ప్లేటు పోయింది. గుడ్డు పెట్టినచోటే ఉంది. నైరీ దాన్ని తీసి, వెలుతురుకి పట్టి, తిప్పి తిప్పి చూసింది. పెంకు మీద నెర్రె లేదు. పాతికేళ్లుగా పక్కింట్లో ఉంటున్న ఈ చాదస్తపు ముసలాయన చేతుల్లో ఏముందో ఆమె ఇన్నాళ్లూ చూడనే లేదు.

"అంతా బాగానే ఉంది," అన్నాడు క్లారీ చేతులు దులుపుకుంటూ. "కానీ ఫంగమోవా కొండ ఎక్కి దిగితే గానీ ఊతం ఊతం కాదు. వచ్చే శుక్రవారం హేవ్‌లాక్ పోటీలున్నాయి. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటా."

నైరీ గుడ్డును మళ్లీ తిప్పి చూడసాగింది. "నాకు ఆ రోజు..."

"మీ అత్తగారికి మళ్లీ జలుబా?"

రాస్ గబగబా టోపీ వెతుక్కోవడానికి వెళ్లిపోయాడు. నైరీకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందో తేల్చుకునేలోగా తల ఊపేసింది.

శుక్రవారం ఉదయం బయల్దేరారు. బెరిల్ రాస్ కారులో ముందే వెళ్లిపోయింది. మామూలుగా రెండున్నర గంటల దారి. నెల్సన్ ఊరు దాటి కొండ మొదట్లోకి రాగానే క్లారీ, "ఆపు!" అన్నాడు.

"ఏమైంది?"

"స్తంభం చూడాలి."

దిగాడు. పడవ చుట్టూ తిరిగాడు. స్కోను తిన్నాడు. వెనక పేరుకుపోయిన కార్లన్నిటినీ టోపీ ఊపుతూ ముందుకి పంపించాడు. పావుగంట తరువాత ఎక్కి, "బాగానే ఉంది. పద," అన్నాడు. మూడు మైళ్లు పోయాక మళ్లీ, "ఆపు!"

"ఇప్పుడేగా చూశారు!"

"అప్పుడు కొండ ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కాం."

మూడోసారి ఆపేసరికి నైరీకి ఒళ్లు మండింది. నాలుగోసారికి చేసేదేమీ లేక తనూ దిగి, చేతులు విదిలించుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుంది. అయిదోసారి ఎక్కడ ఆపమంటాడో ఆమెకు ముందే తెలుసు. నిరుడు ట్రైలర్ మడతపడిన మలుపుకి వంద గజాల ఇవతల.

"ఇక్కడెందుకు?" అంది నైరీ, స్టీరింగు వదలకుండానే.

"వెనక ఊతం ఏదో అంటోంది."

"నాకేం వినబడలేదు."

"నీకు అలవాటు లేదు."

క్లారీ ఆమె చేతికి టీ అందించి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఒక దుంగల లారీ పోయింది. ఇంకోటి పోయింది. మూడోది పోయేసరికి నైరీ చేతిలో టీ కూడా అయిపోయింది. అప్పుడాయన వచ్చి కూర్చుని, "ఆఁ, సర్దుకుంది. రెండో గేరులో పోనీ," అన్నాడు.

నైరీ పోనిచ్చింది. మలుపులో ఎదురుగా నాలుగో లారీ. గాలి చెంపదెబ్బలా కారుకి తగిలింది. వద్దనుకుంటూనే అద్దంలోకి చూసింది. కొండ తిరుగుతోంది, రోడ్డు తిరుగుతోంది, పైన్ చెట్లు తిరుగుతున్నాయి. వాటన్నిటి మధ్యా స్తంభం, ఎండలో తళతళలాడుతూ, పసిబిడ్డలా నిద్రపోతోంది. మలుపు అయిపోయింది. అయిపోయిందని ఆమెకు అర్థమవడానికి ఇంకో అరమైలు పట్టింది. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలితే కారు అద్దం మీద ఆవిరి పట్టింది. క్లారీ ఏమీ చూడనట్టు దాన్ని మోచేత్తో తుడిచాడు.

ఆ తరువాత కూడా రెండుసార్లు ఆపించాడు.

హేవ్‌లాక్ చేరేసరికి అయిదున్నర గంటలు పట్టింది. ఒడ్డున క్లబ్బువాళ్లు ఆల్చిప్పలు ఉడకబెట్టుకుని సగం తినేశారు.

"ఏం నైరీ, నడిచొచ్చారా?" అన్నాడు రాస్.

"ఏడుసార్లు! ఏడుసార్లు ఆపించాడు ఈ మనిషి, స్తంభం చూడాలంటూ!"

రాస్ నములుతున్నది ఆపాడు. "ఏడా? ఫిబ్రవరిలో నా పడవ ఇదే దారిన తెస్తే ఒక్కసారీ ఆపలేదే. నెల్సన్ రాకముందే నిద్రపోయాడు. ఇక్కడికొచ్చాక భుజం పట్టి ఊపితే లేచాడు."

"తను కట్టిన స్తంభాన్ని దారిలో మళ్లీ చూడ్డం ఎక్కడైనా ఉందా?" అంది బెరిల్, ఆల్చిప్ప విప్పుతూ. "పెళ్లయి నలభై ఎనిమిదేళ్లయింది, నేనెప్పుడూ చూడలేదు. వేరేవాళ్లు కట్టినవైతే చావు ఊరేగింపు ఆపైనా చూస్తాడు గానీ."

నైరీ చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది. ఏడు చోట్లూ ఒక్కొక్కటే ఆమె కళ్లముందు తిరిగాయి. కొండ ఎక్కేముందు ఒకటి. మలుపుకి ముందు ఒకటి. ప్రతిచోటా ఆయన వెనక కార్లను పంపేశాడు, ఎవరూ హారన్ కొట్టకుండా. నాలుగోసారి నుంచి ప్రతిచోటా ఆమె దిగింది, చేతులు విదిలించుకుంది, టీ తాగింది. ఆయన మాత్రం స్తంభం కింద ఒక్కసారైనా చెయ్యి పెట్టలేదు.

ప్లేటు పక్కన పెట్టి రేవులోకి నడిచింది. క్లారీ ఒక్కడే స్తంభం పట్టీలు విప్పుతున్నాడు.

"క్లారీ."

"ఊఁ."

"దారిలో ఏడుసార్లు ఏం చూశారు?"

"స్తంభం."

"రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడితే వీపు వెనక స్తంభం కనబడుతుందా?"

క్లారీ పట్టీని చుట్టలా చుట్టాడు. విప్పి మళ్లీ చుట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏడూ నీకోసమే అనుకోకు," అన్నాడు చివరికి, పట్టీతో మాట్లాడుతున్నట్టు. "మూడే నీవి. మిగతా నాలుగూ నావి. డెబ్బైమూడేళ్లవాణ్ణి. పొద్దున్నే అంత టీ తాగాను. ఆడమనిషి పక్కన కూర్చుని ఆ సంగతి పైకి చెప్పుకుంటామా? అందుకని స్తంభం పేరు పెట్టాను."

దారి పొడవునా ఏ ఒక్కచోటా ఆయన ఏ పొద చాటుకీ వెళ్లలేదు. నైరీకి అది తెలుసు. పెదవి గట్టిగా కరిచి పట్టుకుంది.

"అయ్యో, ముందే చెప్పకూడదూ?" అంది. "సరే. ఆదివారం తిరిగెళ్లేటప్పుడు నా మూడూ కొట్టేద్దాం. ఇక నాకు అక్కర్లేదు. మీ నాలుగు మాత్రం తప్పకుండా ఆపుతాను."

క్లారీ తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. స్తంభం కింద చెయ్యి పెట్టి చూసినంత జాగ్రత్తగా, అంతసేపూ చూశాడు.

"నా నాలుగూ కూడా వద్దులే," అన్నాడు. "తిరుగు ప్రయాణంలో నేను టీ మానేస్తాను."