పెళ్లికొడుకు గదిలో మా సార్

ఆ రోజుల్లో మా కంపెనీ పెరిగిన తీరు తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వూ వణుకూ కలిసే వస్తాయి. నేను చేరేనాటికి ముప్పై మందిమి. రెండు నెలలు తిరిగేసరికి పక్క సీటులో ఉన్నది ఎవరో మెడలో కార్డు చదివి తెలుసుకోవాల్సిన పరిస్థితి. ఆఫీసు చాలక, తిరుపతి బైపాస్ పక్కన ఒక కల్యాణమండపాన్ని అద్దెకు తీసుకున్నారు. (ఆషాఢమాసం కదా, అది ఖాళీగా దొరికింది. శ్రావణం వచ్చినా మేము కదల్లేదు.) విందు బల్లల మీద కంప్యూటర్లు, పీటల మీద పెళ్లి జరగాల్సిన వేదిక మీద సేల్స్ వాళ్లు, పెళ్లికూతురు గదిలో మేము పదకొండు మంది. ఆ గదిలో మూడు గోడలకూ నిలువెత్తు అద్దాలు. తలెత్తితే చాలు, పదకొండు మందిమి కాస్తా ఊరేగింపంత అయ్యేవాళ్లం. అందులో మనకు తెలియని మొహం ఒకటి కనిపించినా ఎవరూ పట్టించుకునేవారు కాదు, కొత్తగా చేరారేమో అనుకునేవాళ్లం.

సరుకు రాలేదనీ, వచ్చింది పగిలిందనీ జనం మా యాప్‌లో రాసే ఫిర్యాదులు చదివి, ఏది ఎవరికి పంపాలో చూడడం నా పని. మా గదిలో అందరమూ కొత్తగా చేరినవాళ్లమే. ఆరు నెలలు గడిచాక మా సార్ ఒక ఫారం నింపి ‘ఈ పిల్ల పనికొస్తుంది’ అంటేనే ఉద్యోగం ఖాయం. లేకపోతే మా ఊరు పూతలపట్టుకు తిరుగుబస్సే. మా నాయన బడిపంతులు. "ఆర్నెల్లు సూస్తా. పర్మినెంటు కాలేదంటే ఇంటికొచ్చి బి.ఎడ్.లో సేరు. నేను సెప్పినట్టు టీచరుద్యోగం సేసుకుందువు" అని ముందే తేల్చేశాడు. మా నాయన నాకు పాఠాలు చెప్పిన ఆ బడిలోనే నేనూ సుద్దముక్క పట్టుకుని ముసలిదాన్నయిపోతానన్న భయంతో ఫిర్యాదులు చదివేదాన్ని.

ఇక మా సార్. ఆయన్ను నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. చాట్‌లో ఆయన పేరు పక్కన ఆకుపచ్చ చుక్క మాత్రం ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది. సాయంత్రం రిపోర్టు పంపితే నిమిషంలోపు జవాబు: ‘గుడ్. కంటిన్యూ.’ ఆయన ఎంత కష్టజీవి అని మేము మురిసిపోయాం. సెలవు అడిగినా అదే జవాబు. అంతవరకూ బాగానే ఉంది. ఒకరోజు, "సార్, మా అవ్వ చనిపోయింది, రేపు రాలేను" అని రాశాను. ‘గుడ్. కంటిన్యూ.’ ఆ వాక్యం చూసి నా ఏడుపు ఆగిపోయింది.

నా ఫారం గడువు ఇంకో నాలుగు రోజులుందనగా ఆయనకు ఆరుసార్లు గుర్తుచేశాను. ఆరుసార్లూ గుడ్డే. ఫారం మాత్రం ఖాళీ. హెచ్.ఆర్.లో ఉన్న అమ్మాయిని అడిగితే (ఆమె చేరి వారమైంది) కంప్యూటర్ చూసి, "సార్ ఉండారు కదండీ, పచ్చగా సూపిస్తా ఉండాది. పెళ్లికొడుకు గది" అంది. నా పక్కసీటు పుత్తూరక్క లేచింది. "రా పాపా, పోయి సూద్దాం. మనిషైతే మాట్లాడతాడు, దెయ్యమైతే మా వూరి కట్టు కడదాం" అని నా చెయ్యి పట్టుకుంది. (వాళ్ల వంశమంతా ఎముకలకు కట్లు కట్టేవాళ్లు. దెయ్యానికి ఎముకలుండవని ఆ క్షణంలో ఇద్దరికీ తోచలేదు.)

మిట్టమధ్యాహ్నం. అందరూ భోజనాలకు వెళ్లారు. తలుపు నెట్టాం. లోపల ఏసీ నడుస్తోంది. కుర్చీ మీద వేలు పెడితే గీత పడేంత దుమ్ము. బల్ల మీద ఒక లాప్‌టాప్, దాని తెర మీద మా పదకొండు మంది పేర్లు. నా ఫోన్లో, "సార్, యాడుండారు?" అని కొట్టాను. ఎదురుగా తెర మీద నా ప్రశ్న మెరిసింది. ఖాళీ కుర్చీ ముందు, ఎవరి వేలూ తగలకుండా, ఒక్కొక్క అక్షరమే వచ్చి నిలబడింది: ‘గుడ్. కంటిన్యూ.’ పుత్తూరక్క నాకంటే ముందు గుమ్మం దాటింది. కట్టు సంగతి ఆమెకూ గుర్తు లేదు, నాకూ లేదు.

ఉద్యోగం పోతుందన్న భయం దెయ్యం భయం కంటే పెద్దది కాబట్టి నేనే మళ్లీ వెళ్లాను. లాప్‌టాప్ మూత మీద ఒక చీటీ, దాని మీద ఫోన్ నంబరు. చేస్తే శ్రీకాళహస్తి నుంచి ఎవరో ఎత్తారు. విషయం చెప్పాను. ఎత్తింది మా సారే.

"అది ఇంకా నడస్తా ఉండాదామ్మా?" అన్నాడాయన. "నేను మానేసి మూడు నెల్లయిందే!"

"మరి ఎవురికీ సెప్పలేదా సార్?"

"రాజీనామా పంపినాను తల్లీ. పై సార్ దగ్గర్నించి నిమిషంలో జవాబొచ్చింది, ‘గుడ్. కంటిన్యూ’ అని. ఆ జవాబులిచ్చే ప్రోగ్రాం నాది కాదు. పైనుంచి నాకొచ్చింది, నేను మీకు పెట్టినాను. ఆ పైన ఎవురుండారో సూద్దామని పోలేదు. బయమేసింది."

(జీతాల విభాగం మాత్రం ఆ నెలలోనే ఆయన జీతం ఆపేసిందట. అక్కడ మా కంపెనీ మహా చురుకు.)

మర్నాడు ఆయన బస్సెక్కి వచ్చాడు. బక్కపలచటి మనిషి, చేతిలో గొడుగు. వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. కుర్చీ తుడుచుకుని కూర్చుని, మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచి, "నువ్వు సేసే పనేందో సెప్పు" అన్నాడు. ఆరు నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి కంపెనీలో లేని మనిషి. పగిలిన గాజుసామాను గురించి చెబుతూ చెబుతూ నేను ఏడ్చేశాను. ఆయన పూర్తిగా విని, అప్పుడు ఫారం నింపాడు. పదకొండు ఫారాలూ అయ్యాక, "దీన్ని ఆపేసి పొయ్యేదా?" అని లాప్‌టాప్ చూపించాడు. ఆపితే కొత్త సార్ వస్తాడు. మేము మొహమొహాలు చూసుకుని, "ఉండనీండి సార్" అన్నాం. మరో ఏడాదిన్నర ఆ ఖాళీ కుర్చీ కిందే పనిచేశాం, సుఖంగా.

ఇప్పుడు నా కింద నలభై మంది ఉన్నారు. నెలకొకసారి ఒక్కొక్కరినీ గదికి పిలిచి, ఏం పని చేస్తున్నావని అడుగుతాను. మొదట నవ్వుతారు, తర్వాత నెమ్మదిగా చెప్పుకొస్తారు. నేను తలూపుతూ ఉంటాను. మధ్యలో ఎవరో ఒకరు ఆగి, "మేడం, వింటా ఉండారా?" అంటారు. అప్పుడు నిజంగానే ఉలిక్కిపడతాను.