దాతను ఒంటరిగా కూర్చోబెట్టిన గది

కరోనా రెండో విడత తగ్గిన ఏడాది నన్ను టెక్కలి నుంచి పలాస డయాలసిస్ విభాగానికి హెడ్ నర్సుగా బదిలీ చేశారు. అప్పటికి రిటైర్మెంటు దగ్గర పడింది. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి బయటివాళ్లు పేపర్లో చదువుతారు. మా ముందు అది రోజూ పొద్దున్నే ఆటోల్లోంచి దిగేది. తడవకు నాలుగు గంటలు చేతికి రెండు సూదులు, ఒకదాని గుండా రక్తం మిషన్లోకి పోవడం, రెండోదాని గుండా శుభ్రపడి తిరిగి రావడం. డయాలసిస్ జబ్బును తగ్గించదు, రోజులు గడుపుతుంది. అంతకు మించిన దారి కావాలంటే ఎవరో ఒకరు కిడ్నీ ఇవ్వాలి.

ఇచ్చే మనిషిని దాత అంటాం. రక్తం గ్రూపు కలవాలి, విశాఖలో మిగతా పరీక్షలు నెగ్గాలి, ఆపైన అనుమతి కమిటీ ముందుకు వెళ్లాలి. గ్రూపు కలిశాక, మిగతావాటికంటే ముందు దాతతో విడిగా మాట్లాడి ఇష్టాన్ని తెలుసుకోవాలి. మామూలుగా ఇది ఐదు నిమిషాల తంతు. ఇష్టమేనా అంటే ఇష్టమే అంటారు, అయిపోయింది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. మా వైపు రోగి ఒక్కడే రాడు. అత్త, మేనమామ, పెదనాన్న, అందరూ వస్తారు, అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఆ గోలలోంచి మనిషిని లాక్కొచ్చి అడిగితే చెవిలో ఇంకా మోగుతున్న మాటే నోట్లోంచి వస్తుంది. అందుకని సెలైన్ పెట్టెలు పెట్టే గదిలో ఒక కుర్చీ వేయించాను. దాత ఫోను నా దగ్గర పెట్టుకుని, ఏమీ అడగకుండా అక్కడ కూర్చోబెట్టి వచ్చేసేదాన్ని. చాలాసేపయ్యాక వెళ్లి అడిగేదాన్ని. జూనియర్ డాక్టర్లు నన్ను మౌనవ్రతం సిస్టర్ అని ఏడిపించేవారు. నవ్వితే నవ్వనీ అని ఊరుకున్నాను.

లోకనాథం బారువ వైపు పల్లె మనిషి. తుఫానుకు కొబ్బరి చెట్లు పోయాక ఆటో తోలాడు, కిడ్నీలు పోయాక అదీ మానేశాడు. భార్య నీలవేణి కాశీబుగ్గలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్లేది. ఇద్దరు చిన్నపిల్లలు. తల్లి తులసమ్మకు అదే జబ్బు మొదలైంది కనుక ఆమె ఇవ్వడానికి లేదు. తమ్ముడి గ్రూపు కలవలేదు. భార్యది కలిసింది.

"ఇంటికాడ అందరం అనేసుకున్నాం తల్లీ. కోడలు ఇత్తాది. ఇంకేటి అడిగేది?" అంది తులసమ్మ. నీలవేణి పక్కనే నిలబడి తలూపింది. ఆమెను గదిలో కూర్చోబెట్టాను.

తిరిగి వెళ్లేసరికి ఆమె ఏడవడం లేదు. నేను అడగకముందే నెమ్మదిగా చెప్పింది. "ఇత్తాను ఇత్తాను అని ఇన్నాళ్లూ నానే అన్నాను మేడమ్. నా మాటేననుకున్నాను. ఇక్కడ ఎవరూ మాటాడకపోతే మా నాన్న గుర్తొచ్చాడు, మా అన్న గుర్తొచ్చాడు. ఇద్దరూ ఈ జబ్బుతోనే పోయారు. ఈయన మీద ఇట్టం లేక కాదు. రేపు నాకూ వత్తే పిల్లల్ని ఎవరు సూత్తారు? నాను ఇవ్వను."

దాత ఇవ్వనంటే మాకొక పద్ధతి ఉంది. ఆరోగ్యరీత్యా పనికిరారని డాక్టరు బంధువులకు చెబుతాడు. అసలు కారణం ఎవరి నోటా రాదు. మళ్లీ అదే ఇంటికి వెళ్లి బతకాల్సిన మనిషికి ఆ మాట రక్షణ. అలా చెప్పిస్తానన్నాను. ఆమె వద్దంది.

"పనికిరానంటే ఇంకో ఆసుపత్రికి లాక్కెళ్తారు మేడమ్. నానే సెప్తాను."

మిషన్ నడుస్తుండగా, లోకనాథం మంచం పక్కనే చెప్పింది. తులసమ్మ కోడలి భుజం పట్టుకుని, "అయితే నా కొడుకు సచ్చిపోవాలా?" అంది.

"ఏమో అత్తా. నాను మాత్రం ఇవ్వను."

సూదులున్న చేతిని కదపడానికి లేదు. లోకనాథం మొహం మాత్రం అవతలికి తిప్పుకున్నాడు.

ఆ తర్వాత బంధువులు రావడం మానేశారు. ప్రతి తడవా నీలవేణే తీసుకొచ్చేది, మంచం కాళ్ల దగ్గర కూర్చునేది. చాలా వారాలు అతను ఆమెతో మాట్లాడలేదు. చనిపోయినవారి కిడ్నీ కోసం విశాఖలో పేరు రాయించాం, పిలుపు రాలేదు. మరుసటి వానాకాలం చివర ఊపిరితిత్తుల్లో నీరు చేరి లోకనాథం పోయాడు. ఊళ్లో ఆమెకొక పేరు పెట్టారు. దాన్ని నేనిక్కడ రాయను.

మీరు ఆ గదిలో కూర్చోబెట్టకపోతే ఆమె ఇచ్చేది, అతను బతికేవాడు అని మా డాక్టరు నాతో అన్నాడు. కోపమొచ్చింది గానీ, అది నిజమే కావచ్చు. కుర్చీ మాత్రం తీయలేదు.

నేను రిటైరయ్యే ముందు నీలవేణి తన రక్తం పరీక్షకని వచ్చింది. కిడ్నీలు బాగానే ఉన్నాయి. ఆ మాట చెబితే సంతోషిస్తుందనుకున్నాను. ఆమె రిపోర్టు కాగితం మడిచి కొంగున ముడేసుకుంది.

"ఇచ్చుంటే ఇద్దరం ఉండేవోళ్లమేమో," అంది. లేచి వెళ్లబోతూ ఆగి, "మళ్లీ అడిగినా ఇవ్వను మేడమ్" అంది.

ఒంటరిగా మౌనంగా కూర్చుంటే మనసు తేటపడుతుందని చాలామంది చెబుతారు. నిజమే, తేటపడుతుంది. అయితే అప్పుడు కనిపించేది సరైనదే అయి ఉంటుందని గానీ, దానితో బతకడం తేలికని గానీ నేను ఎవరికీ చెప్పను. ఆ జవాబు అక్కడ కూర్చున్నవాళ్ల సొంతం. దాని బరువు పంచుకోవడానికి మరొకరు ఉండరు.