పొగాకు బ్యారన్‌కు కిటికీ

అశ్వారావుపేట దారిలో బుల్లెమ్మగారి పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఉంది. పొలమంతా పామాయిల్ తోట అయ్యాక దాని పొయ్యి ఆరిపోయింది. ఇప్పుడు అందులో మహిళా సంఘం అడ్డాకుతో విస్తళ్లు కుడుతోంది. వేడి బయటికి పోకూడదని కట్టిన కట్టడం అది. గోడలు మందం, కిటికీ లేదు. పట్టపగలే ట్యూబులైట్లు వెలగాలి. కరెంటు పోతే ఆ చీకట్లో కాలితో తొక్కే మిషన్లు కూడా ఆగేవి.

అక్కడ విస్తళ్లు కుట్టే నాగక్కకు ఆ లైట్ల కింద ఆకు అంచు కంటికి ఆనడం మానేసింది. కుట్టు ఆకు దాటి పోతోంది. ఆమె మిషన్ ఇంకొకరికి ఇద్దామని సంఘం నడిపే ప్రమీల అంటోంది. మిషన్ పోతే మళ్లీ తోటలో గెలలు మోయాలి. నాగక్క నడుము అందుకు ఒప్పుకోదు.

ఆమె బుల్లెమ్మ దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, నా మిషన్ కాడ గోడకు కిటికీ పెట్టియ్యుండ్రి."

"గోడ పగలగొడితే రేపు పొగాకు పెట్టాలంటే ఎట్టాగే?"

"పొగాకేడిదమ్మా? పామాయిల్ గెలలు ఆరబెడ్తరా ఏంది?"

బుల్లెమ్మ నవ్వు దాచుకుని సరేనంది.

కిటికీ పెట్టింది పడమటి గోడకు. ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. పొద్దున కుట్టు తిన్నగా పడింది. మధ్యాహ్నం దాటాక ఎండ నేరుగా లోపలికి వచ్చి, నీళ్లు చల్లి మెత్తబరిచిన ఆకు మీద పడింది. ఆకు ముడుచుకుంది. సూది దిగితే చిట్లిపోయింది.

"బ్యారన్‌ను మళ్ల బ్యారన్ చేసినవ్ గదనే అక్కా," అంది ప్రమీల. "మేస్త్రీ రాంగనే మూపిస్త."

"కిటికీ మూస్తే నన్ను మూసినట్టే."

"మరి ఆకేం గావాలె?"

నాగక్క చిట్లిన ఆకులు ఏరి పక్కన పెట్టింది. సాయంత్రం తన గూడెం చేరి, ఎప్పటిలాగే నడుము వంచి ఇంట్లోకి దూరబోయి ఆగింది. చూరు అంత కిందికి ఉంటుంది. ఆ చూరు కింద నిలబడి కాసేపు ఎండవైపు చూసింది.

మర్నాడు తాటాకులు, వెదురు మోసుకుపోయి కిటికీ మీద బయటివైపు చూరు దించింది. ఎండ బయటే ఆగింది. వెలుతురు వచ్చింది. ప్రమీల ఒక విస్తరి తీసి అంచంతా వేలితో తడిమి, కట్టలో పెట్టింది. మేస్త్రీకి కబురు పంపలేదు.

కొన్నాళ్లకు మిగతా ఆడవాళ్లు కూడా లైట్లు ఆర్పి మిషన్లు కిటికీ వైపు జరుపుకున్నారు. పొద్దు వాలి ఎండ చూరు కిందినుంచి దూరే వేళకు నాగక్క ఆకు మీద తడిగోనె కప్పి లేస్తుంది.