పెనానికి పెళ్ళిచూపులు

నా చిన్నప్పుడు ఇళ్ళల్లో సోఫాలు తక్కువ. అందువల్ల నచ్చని చోటినుంచి లేచి వెళ్ళిపోవడం తేలిక. ఇప్పటి సోఫాలు మనిషిని నడుం దాకా మింగేస్తాయి. లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాటు అమ్మాయి "ఊరికే టీకి రండి ఆంటీ" అని పిలిచి, అలాంటి సోఫాలోనే కూర్చోబెట్టి, నూనె లేకుండా వేయించే యంత్రం ఒకటి బయటికి తీసింది. సోఫా అంత లోతుగా ఎందుకుందో నాకప్పుడు అర్థమైంది.

ఊరికే ఇచ్చే టీ అంటే నాకు అనుమానం. అది మా అమ్మ పెంపకం. ఆ అనుమానంతో ఏం చెయ్యవచ్చో చూపించింది మాత్రం మా పిన్ని.

పిన్ని మా అమ్మకు స్వయానా చెల్లెలు. విజయవాడలో, భవానీపురంలో కాపురం. బి.ఏ. పాసైంది. మందు సీసాల మీద రాసింది చదివి పెట్టడానికి తప్ప ఆ ఇంట్లో ఆ చదువు ఎవరికీ అవసరం పడలేదు. దోసె అంటుకోని నల్ల పెనాలు అప్పుడే కొత్తగా వచ్చాయి. ఒక కంపెనీవాళ్ళు ఆడవాళ్ళకు ఆ పెనాలిచ్చి, ఇంటికి నలుగురినీ పిలిచి వండి చూపించమనేవారు. నచ్చినవాళ్ళు కొనుక్కుంటారు. పెళ్ళయ్యాక పిన్ని తనంతట తాను పెట్టుకున్న పని అదొక్కటే.

మొదటిసారే పొరపాటు చేసింది. పళ్ళెంలో కుంకుమ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, బొట్టు పెట్టి పిలిచింది. బొట్టు పెట్టి పిలిస్తే అది పేరంటం. అందరూ పట్టుచీరలు కట్టుకుని, శనగలు మూట కట్టుకోవడానికి జేబురుమాళ్ళు తెచ్చుకుని వచ్చారు. శనగలకు బదులు పెనం బయటికి వచ్చేసరికి, ఒక్కొక్కరికీ పొయ్యి మీద పెట్టి వచ్చిన పాలు గుర్తొచ్చాయి. "బొట్టు పెట్టి పెనం అంటగట్టబోయింది" అని వీధంతా చెప్పుకున్నారు.

పిన్ని వాళ్ళ అత్తగారిని మేమంతా మామ్మగారు అనేవాళ్ళం. ఆవిడకు తలవంపులైంది. "ఇంకొక్క ఆదివారం చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే ఎవరి పెనాలు వాళ్ళకి పంపించెయ్. ఇది కొంపా, సంతా?" అన్నారు. మామ్మగారికి అందరూ కొడుకులే. పెళ్ళిచూపులకు వెళ్ళి, సున్నుండలు తిని, పిల్ల జడ సొంతమో సవరమో లాగి చూసి వచ్చిన అనుభవం చాలా ఉంది. పిన్ని సంబంధానికి కూడా, తిరిగి వెళ్ళి ఆలోచించుకుని చెబుతామని, చాలా తీరిగ్గా ఆలోచించారట.

ఆ రెండో ఆదివారానికి మా అమ్మ ఉయ్యూరు నుంచి నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. సొంత చెల్లెలైనా పెనం పెనమే అన్నది అమ్మ సిద్ధాంతం. "నేను గిల్లగానే కడుపునొప్పి అని ఏడువు. లేచి వచ్చేద్దాం" అని దారి పొడుగునా నాకు పాఠం చెప్పింది.

ఈసారి పిన్ని ఎవరికీ బొట్టు పెట్టలేదు. పెళ్ళిచూపులకు రమ్మని నోటితో పిలిచింది, అంతే. అందువల్ల కిందటిసారి బొట్టు పిలుపు అందని ఎదురింటి సాయిబుగారి భార్య, అందరూ ఆపా అని పిలిచే ఆవిడ కూడా వచ్చారు. పక్క వాటాలో ఉండే ఆవిడ, ఈసారి ఏం అంటగడతారో చూద్దామని అందరికంటే ముందే వచ్చి గుమ్మానికి దగ్గరగా కూర్చున్నారు.

గది మధ్యలో పీట. పీట మీద మంగళగిరి కండువా కప్పుకుని పెనం. పిన్ని నవ్వకుండా చెప్పింది: "మా పిల్లండీ. చూసుకోండి. మొహమాటపడకుండా వంకలు పెట్టండి. వంకలు పెట్టకుండా వెళ్ళే పెళ్ళివారంటే మాకే అనుమానం." తరవాత అత్తగారి వైపు తిరిగింది. "పిల్ల తరఫున మాట్లాడటానికి పెద్దదిక్కు ఉండాలి కదా, అత్తయ్యా. రండి." అందరూ చూస్తుంటే మామ్మగారు కాదనలేక వెళ్ళి పీట పక్కన కూర్చున్నారు. చాపకు అటువైపు కూర్చోవడం ఆవిడకు జన్మలో అదే మొదటిసారి.

పక్క వాటా ఆవిడ గొంతు సవరించుకున్నారు. "పిల్ల ఏం చదివిందండీ?"

మామ్మగారు తడుముకుని, "అట్ల దాకా" అన్నారు.

"మరీ తేలిగ్గా ఉందండీ, బలం చాలదేమో. మా ఇంట్లో పండక్కి ఇరవైమంది దిగుతారు" అన్నారు ఆపా, పెనాన్ని ఎత్తి చూస్తూ.

"ఇరవైమందున్న కొంపని మధ్యవర్తి మాకు చెప్పనేలేదే!" అన్నారు మామ్మగారు.

నవ్వులు మొదలయ్యాయి. మా అమ్మ ఉండబట్టలేకపోయింది. "ఇనప అట్లకాడ తగిలితే గీతలు పడతాయటగా అత్తయ్యగారూ. అంత సుకుమారమైతే కాపురం ఏం చేస్తుంది?"

"చెక్క గరిటెతో మర్యాదగా తిప్పుకుంటే ఎందుకు పడతాయమ్మా? ఇనప కాడతో పొడవటం మీ ఇంటి ఆచారమా?"

అమ్మ నన్ను గిల్లాల్సిన సంగతి ఆ క్షణంలోనే మరిచిపోయిందనుకుంటాను.

పిన్ని నూనె చుక్క వెయ్యకుండా పెసరట్టు పోసింది. పెనం వంచితే అట్టు జారి పళ్ళెంలో పడింది. ఎవరూ నమ్మలేదు. ముందే నూనె రాసి ఉంచారని పక్క వాటా ఆవిడకు అనుమానం. తన రుమాలుతో తుడిచి మళ్ళీ పొయ్యమన్నారు. పిండిలోనే ఏదో కలిపారని ఆపాకు అనుమానం. ఆవిడే పోసి చూశారు. ఒక్కో అనుమానానికీ ఒక్కో అట్టు అయింది. తినిపెట్టే బాధ్యత నామీద పడింది. కాసేపటికి నాకు నిజంగానే కడుపునొప్పి వచ్చింది. చెబితే అమ్మ, "నేను గిల్లందే ఎందుకే? ఆగు, ఇంకా అడగాల్సినవి ఉన్నాయి" అంది.

చివరికి పక్క వాటా ఆవిడ నిట్టూర్చారు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పిల్ల మరీ నలుపండీ."

అందరూ నవ్వారు. మామ్మగారు నవ్వలేదు. అప్పటికి ఆవిడకు అది ఆట కాదు. "నలుపైతేనేం?" అన్నారు, పెనం అంచు మీద చెయ్యి వేసి. "పొయ్యి దగ్గర నిలబడేది రంగా, పనితనమా? రంగు చూసి వంక పెట్టేవాళ్ళకి మా పిల్లనివ్వం, పొండి!"

పిన్ని చేతిలో పిండి గరిటె ఒక్క క్షణం గాలిలో ఆగింది. మళ్ళీ కదిలింది.

ఆ పూట పెనాలు చాలక, మిగిలినవాళ్ళకు తెప్పించి ఇస్తానని పిన్ని మాటిచ్చింది. మా అమ్మ కొన్న పెనం ఉయ్యూరు దాకా నా ఒళ్ళోనే వచ్చింది.

అనుమానపు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టకూడదని, పక్కన కూర్చోబెట్టుకుని వకాల్తా అప్పగించాలని ఆ రోజు చూశాను. అందుకే ఇప్పటికీ ఎవరైనా నాకు ఏదైనా చూపిస్తామంటే, ముందు నన్ను ఎటువైపు కూర్చోమంటున్నారో చూసుకుంటాను. కింది ఫ్లాటు అమ్మాయికి జాలిపడి ఈ కిటుకు చెప్పాను. వచ్చే ఆదివారం ఆ యంత్రం తరఫున నన్నే మాట్లాడమంది.

కానీ పిన్ని ఆ ఆట పెట్టింది పెనాల కోసమేనా అని నాకింకా అనుమానమే. అందరూ వెళ్ళాక నేను వంటింట్లో ఉప్పుతో వాము నములుతూ కూర్చున్నాను. పిన్ని పెనం కడుగుతోంది. మామ్మగారు గుమ్మంలో నిలబడి, "బాగానే జరిగిందిలే. ఆ పెనాలేం పంపెయ్యక్కర్లేదు, వచ్చే ఆదివారం కూడా పెట్టుకో" అన్నారు.

పిన్ని వెనక్కి తిరగలేదు.

"నా పెళ్ళిచూపుల్లోనూ పిల్ల నలుపే అన్నారు, అత్తయ్యా. అప్పుడు మీరెవరూ అట్టు పోసి చూడలేదు."