మూడు కిలోల ఐదు రూపాయల బిళ్లలు

నాచారం పారిశ్రామికవాడలోని ఒక నగదు రవాణా కంపెనీలో రిపోర్ట్ చేసింది ఏప్రిల్ మొదటి సోమవారం, ఉదయం ఆరూ నలభైకి. గేటు దగ్గర మొబైల్, పర్సు, బెల్టు తీసుకున్నారు. షెడ్డు లోపల వేసుకోవడానికి జేబుల్లేని బూడిదరంగు కోటు ఇచ్చారు. రేకుల షెడ్డు, దాని లోపల ఇంకో గది. కిటికీలు లేవు. ఆరు బల్లలు, ఎనిమిది కెమెరాలు, రెండు ఫ్యాన్లు. లెక్క నడుస్తున్నంతసేపూ ఫ్యాన్లు ఆపాలని ఆర్డర్. నోట్లు ఎగురుతాయి. మధ్యాహ్నానికి గదిలో నలభై ఒక్క డిగ్రీలు. రాజస్థాన్ సరిహద్దులో రెండు ఎండాకాలాలు చేశాను. అక్కడ కనీసం గాలి ఉండేది.

సైన్యంలో పద్దెనిమిదేళ్లు చేసి హవల్దారుగా దిగాను. పదో తరగతి తప్పాను. నాకొచ్చిన లెక్కలన్నీ వంటశాల స్టోరులో రేషన్ తూస్తూ నేర్చుకున్నవే. మా కాలనీవాళ్లు నన్ను సరిహద్దు గురించే అడుగుతారు. నాకు మాత్రం నాచారంలో చేసిన ఈ ఏడు నెలలే ఎక్కువగా గుర్తొస్తాయి.

వ్యాన్‌లో ముగ్గురం: డ్రైవర్, గన్‌మన్, నేను. దుకాణాల్లో, పెట్రోలు బంకుల్లో డబ్బు తీసుకుని షెడ్డుకు చేర్చాలి. ఐదొందలు ఎన్ని, రెండొందలు ఎన్ని, వందలు ఎన్ని, చీటీ మీద విడివిడిగా రాయాలి. ఒక్కో చోట పన్నెండు నిమిషాలకు మించి ఆగకూడదు. నోట్లకు మిషన్ ఉంది. చిల్లరకు చేతులే.

ఉప్పల్‌లో బిస్కెట్ల హోల్‌సేల్ దుకాణం ఒకటి. అక్కడ రోజూ ఒక సంచి ఐదు రూపాయల బిళ్లలు వచ్చేవి. సంచికి ఐదొందల బిళ్లలు. ఇద్దరం లెక్కిస్తే ఇరవై ఆరు నిమిషాలు. వాకీటాకీలో షెడ్డు నుంచి అడిగేవారు. డ్రైవర్ జవాబిచ్చేవాడు.

"వ్యాన్ టూ, యాడున్నరు?"

"ఉప్పల్లనే. ఫౌజీ అన్న గుడి మెట్ల మీద కూసున్నట్టు చిల్లర ఏరుతుండు."

రెండో వారం నా జేబులోని పది బిళ్లలు ఆ దుకాణం కాంటా మీద పెట్టాను. అరవై గ్రాములు. అంటే ఐదొందలకు మూడు కిలోలు. నోట్‌బుక్‌లో పట్టిక గీశాను. ఇక లెక్కపెట్టడం మానేసి తూచాను. నాలుగు నిమిషాల్లో సీలు. షెడ్డు ఇన్‌చార్జికి నచ్చింది. అన్ని వ్యాన్లకూ అదే పద్ధతి చేశాడు. నాకు గర్వంగానే ఉండింది.

జూలైలో ఒక బుధవారం, పదకొండూ ఇరవైకి, ఆ దుకాణం సంచి మళ్లీ లెక్కించడానికి నా ముందే మూడో బల్ల మీద విప్పారు. గదిలో మనుషులను బల్ల నంబరుతోనే పిలిచేవాళ్లం. త్రీ అంటే జనగామ వైపు నుంచి వచ్చి బోడుప్పల్‌లో ఉంటున్న నలభై ఏళ్ల మనిషి. నాలుగేళ్లలో ఆమె బల్ల మీద ఒక్క రూపాయి తేడా రాలేదని అందరూ చెప్పేవారు. ఆమె చెయ్యెత్తింది. నాలుగు వందల అరవై బిళ్లలే ఉన్నాయి. రెండు వందల రూపాయలు తక్కువ.

సీలు చెక్కుచెదరకుండా ఉండి లెక్క తగ్గితే బల్లదే బాధ్యత. కెమెరా రికార్డింగు వెనక్కి తిప్పి చూశారు. ఆమె చెయ్యి ఒకసారి బల్ల కిందికి వెళ్లింది. దోమ కుట్టిందని చెప్పింది. ఇన్‌చార్జి రాయడం మొదలుపెట్టాడు. ఆమె నా వైపు తిరిగింది.

"మూడుసార్లు లెక్కవెట్టిన సార్. మీరు తూసింది ఒక్కసారి సూసుకోన్రి. దొంగతనమని రాస్తే రేపు నన్నెవ్వరు పనిల వెట్టుకోరు."

"కాంటా తప్పు చెప్పదమ్మా" అన్నాను.

ఆమె జీతంలో రెండు వందలు కోసి, సాయంత్రంలోపు పంపేశారు. సంచికి ఎర్ర ట్యాగు కట్టి లాకరులో పెట్టారు.

తొమ్మిది రోజుల తర్వాత, శుక్రవారం, అదే దుకాణంలో సంచి పిగిలింది. బిళ్లలు నేల మీద దొర్లాయి. డ్రైవర్ ఏరుతూ ఒకటి నా చేతిలో పెట్టాడు. "అన్నా, గీ పాతది సూడు, ఎంత మందముందో. మన చిన్నప్పుడు గివే ఉండె."

అలాంటివి పది వెతికి కాంటా మీద పెట్టాను. తొంభై గ్రాములు.

వ్యాన్ బానెట్ మీద నోట్‌బుక్ పెట్టి లెక్క వేశాను. మందపువి ఎనభై, పల్చనివి మూడు వందల ఎనభై ఉంటే బిళ్లలు నాలుగు వందల అరవై. బరువు సరిగ్గా మూడు కిలోలు. నా పట్టికలో పల్చని బిళ్ల ఒక్కటే ఉంది. ఎందుకంటే ఆ రోజు నా జేబులో ఉన్నవి అవే.

షెడ్డుకు వెళ్లి ఇన్‌చార్జి ముందు ఎర్ర ట్యాగు సంచి విప్పించాను. ఎనభై. మూడు వందల ఎనభై. అతను తలుపు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఫౌజీ, గిది రాస్తే నువ్వు పోతవ్. అన్ని వ్యాన్లకు తూయమని చెప్పినోన్ని నేను. నేను గూడ పోత. రెండొందల ముచ్చటకు ఇద్దరం పోవాల్నా?"

ఆ రోజు రాయలేదు. శనివారం రాయలేదు. ఆదివారం ఇంట్లోనే ఉన్నాను, అన్నం సరిగ్గా తినలేదు. సోమవారం హెడ్డాఫీసుకు రాశాను. ఒకటిన్నర పేజీ. ఆమె పేరు కోసం రిజిస్టరు చూడాల్సి వచ్చింది. సుగుణ.

ఆగస్టులో ఇన్‌చార్జిని వేరే ఊరికి పంపారు. నా కాంట్రాక్టు అక్టోబరుతో ముగుస్తుందని చెప్పారు. ఆమెకు ఫోన్ చేస్తే ఎత్తలేదట. ఖాతా మూసేశాం కాబట్టి రెండు వందలు తిరిగి ఇవ్వడం కుదరదన్నారు.

వెళ్లాల్సింది జూలైలో. నేను వెళ్లింది అక్టోబరు చివర, డ్యూటీ దిగిన మర్నాడు. బోడుప్పల్‌లో ఇల్లు వెతకడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఆమె గడపలో కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతోంది. చీరకు ఇంత అని ఇస్తారట. తప్పు నాదని, ఆమె లెక్కే సరైనదని చెప్పాను. ఆమె సూది చీరకు గుచ్చి లేచి నిలబడింది.

"షెడ్డులందరికి చెప్పిన్రా?"

"రిపోర్టులో రాశాను."

"అందరికి చెప్పిన్రా అని అడుగుతున్న."

చెప్పలేదన్నాను. జేబులోంచి రెండు వంద నోట్లు తీసి చాపాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"జర ఆగున్రి" అని ఎదురింటి వైపు తిరిగింది. "వదినా, జర రా. సార్ పైసలిస్తుండు. నువ్వు సూడు."

ఎదురింటామె చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప పక్కన నిలబడింది.

"గోడ మీద వెట్టున్రి సార్. మీరే లెక్కవెట్టున్రి. గట్టిగ."

వంద. రెండు వందలు. వాకిలి ముందున్న పొట్టి గోడ మీద పెడుతూ నేను లెక్కపెట్టాను. ఎదురింటామె తలూపింది.

ఐదూ పదికి ఉప్పల్‌లో బస్సు దిగి, నాచారం దాకా నడిచి ఇంటికి చేరాను. కోటు తిరిగి ఇచ్చేశాను, నోట్‌బుక్ పారేశాను. ఇప్పటికీ మనసులోంచి పోనిది ఒక్కటే. ఆ రోజు ఆమె గల్లీ మలుపులో వెనక్కి తిరిగి చూసినప్పుడు నోట్లు గోడ మీదే ఉన్నాయి. సుగుణ వాటి పక్కనే నిలబడి ఉంది, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని.