ఆదివారం పొద్దున చచ్చిపోయిన రాజమల్లు

కాశిబుగ్గలో కట్టమ్మ నోటికి భయపడని మనిషి లేడు. ఆమె వేసే మిర్చీ బజ్జీలకు ఆశపడని మనిషి కూడా లేడు. వర్ధన్నపేట అవతలి పల్లె నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో పొయ్యి పొగకు దగ్గి దగ్గి కళ్లు ఎర్రజేసుకునేదని అత్త భద్రమ్మ చెప్పేది. తర్వాత మిల్లు గేటు ముందర మూకుడు పెట్టుకుని కూర్చుంది. అప్పటి నుంచి పొగే ఆమెను చూసి పక్కకు పోవడం మొదలుపెట్టింది. షిఫ్టు దిగి వచ్చే కార్మికులు ఆమె మిర్చీలు తిని, ఆమె తిట్లు తిని, రెండింటికీ కలిపి చెంబెడు నీళ్లు తాగి ఇళ్లకు పోయేవాళ్లు.

మొగుడు రాజమల్లు సినిమా టాకీసు గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. ఉన్న సినిమానే రోజూ మూడాటలు చూస్తే ఎవడి బుర్రయినా చెడుతుంది, అతనిది కాస్త తొందరగా చెడింది. గణపతి నవరాత్రుల్లో నాటకం వేస్తే రాజు వేషం తనకే కావాలనేవాడు. వేసిన వేషం మర్నాడు మధ్యాహ్నానికి గాని విప్పేవాడు కాదు. ఒకనాడు ఉన్న ఉద్యోగం వదిలేసి వచ్చి, "బొంబాయి పోత, యాక్టర్నయిత" అన్నాడు. కట్టమ్మ చేతిలో జల్లిగంటె ఉంది. "పో! నీ పీనుగనన్న చూస్త గని నీ మొఖం మళ్ల సూడ!" అంది. మగాడన్నాక రోషం ఉంటుంది కదా, నిజంగానే పోయాడు.

పోయినవాడు కబురు పంపలేదు. భద్రమ్మ కొడుకు కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూసేది. కట్టమ్మ మాత్రం ఎవరడిగినా "పోతే పోనియ్యి, ఇంట్ల ఒక ముద్ద మిగిలింది" అనేది. అంటూనే స్టేషన్ దిక్కు నుంచి వచ్చే ప్రతి రిక్షానూ ఓరకంట చూసేది. చూస్తున్నావు కదా అని ఎవరైనా అంటే మూకుడులో నూనె వాళ్ల మీద పడేదే.

వాడకట్టు మొత్తానికి టీవీ ఉన్నది కిరాణం రామలింగం సేటు ఇంట్లో. ఆదివారం పొద్దున అందులో హిందీ ఇన్‌స్పెక్టర్ సీరియల్ వచ్చేది. హత్య జరగడం, ఇన్‌స్పెక్టర్ వచ్చి హంతకుణ్ణి పట్టడం, ఇదే కథ. సేటు టీవీని గడప దగ్గరికి జరిపితే, జనం అరుగు మీదా వాకిట్లోనూ సర్దుకుని కూర్చునేవాళ్లు. ఆదివారం కాబట్టి సగం మంది మాంసం కొట్టుకు పోయి, సంచులతో అటునుంచి అటే వచ్చేవాళ్లు. సేటు భార్య సావిత్రమ్మ శుద్ధ శాకాహారి. ఆ సంచులు వాకిట్లో కనబడితే టీవీ బంద్ అని ఆర్డరేసింది. అందుకని సంచులన్నీ బయట కరెంటు స్తంభానికి వేలాడేవి. స్తంభం కింద కుక్కలు, టీవీ ముందు మనుషులు, ఎవరి దీక్షలో వాళ్లు ఉండేవాళ్లు.

హిందీ అందరికీ అంతంతమాత్రమే. మిల్లులో పనిచేసి రిటైరైన సారయ్య మాత్రం నిజాం కాలంలో ఉర్దూ చదివినవాడు, అతనే తెలుగు చేసి చెప్పేవాడు. ఇన్‌స్పెక్టర్ రెండు మాటలంటే సారయ్య పది మాటలు చెప్పేవాడు. మిగిలిన ఎనిమిదీ ఎక్కణ్ణుంచి వచ్చాయని ఎవరూ అడగలేదు.

హంతకుణ్ణి పట్టే పని మాత్రం కట్టమ్మది. ఆమెకు ఒకటే సూత్రం ఉండేది. పీనుగ మీద పడి ఎవడు ఎక్కువ ఏడుస్తాడో వాడే చంపినవాడు. "కడుపుల దుఃఖమున్నోడు గంతగనం ఏడ్వడు. గిదంత ఏశం" అనేది. ఆమె చెప్పాక అరగంటకు లావుపాటి ఇన్‌స్పెక్టర్ పాన్ నములుతూ వచ్చి సరిగ్గా వాడి చేతికే బేడీలు వేసేవాడు. వాకిలి వాకిలంతా చప్పట్లు కొట్టేది. ఆ సీరియల్ అయిపోయే నాటికి పోలీసులకన్నా కట్టమ్మే నయమని వాడలో తీర్మానం జరిగిపోయింది.

మళ్లీ ఏడాది ఆ సీరియలే కొత్తగా మొదలైంది. జనం స్నానాలు చేసి మరీ వచ్చారు. తీరా చూస్తే ఇన్‌స్పెక్టర్ పేరు పాతదే, మనిషి కొత్తవాడు. బక్కపలచగా ఉన్నాడు, మీసం లేదు, పాన్ లేదు, మాటకు ముందోసారి వెనకోసారి ఇంగ్లీషు.

"గీ పోరడు దొంగను పడ్తడా? జర గాలొస్తే వీడే పడ్తడు" అంది కట్టమ్మ.

"పాతాయనకు ప్రమోషనొచ్చి ఢిల్లీ పోయిండు" అన్నాడు సారయ్య. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఏదో ఒకటి చెప్పకపోతే తోచదు.

ఇంతలో పెద్ద బంగళా వచ్చింది, పెద్ద గది వచ్చింది. నేల మీద పీనుగ. కెమెరా మెల్లగా ముఖం దగ్గరికి పోయింది.

పట్టు కోటు వేసుకుని, నోరు కొంచెం తెరిచి, కళ్లు మూసుకుని రాజమల్లు పడుకుని ఉన్నాడు.

భద్రమ్మ గుండెలు బాదుకుంది. "ఓ నా కొడుకా రాజమల్లూ! బొంబాయి పోతివా కొడుకా! పట్టు కోటు తొడిగిండ్రా కొడుకా! నన్నిడిసి బండల మీద పంటివా నా కొడుకా!" అని శోకం అందుకుంది. ఆమె శోకం తీస్తే పక్క వాడ కుక్కలు కూడా ఊళ పెట్టేవి. మిగతా ఆడవాళ్లకు ఏం చెయ్యాలో తోచలేదు. శోకం వినబడితే అందుకోకుండా ఉండడం మర్యాద కాదు కాబట్టి వాళ్లూ గొంతు కలిపారు.

"ఆదివారం పొద్దున మా ఇంట్ల శోకాలేంది? ఏమండీ, బంద్ చెయ్యుండ్రి!" అని సావిత్రమ్మ మొత్తుకుంది. సేటు లేవబోయాడు.

"సేటూ, బంద్ చేస్తే మంచిగుండది!" అని వాకిలంతా ఒక్కసారి గర్జించింది. సేటు మళ్లీ కూర్చున్నాడు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. "అవ్వా, జర ఆగరాదు, ఇన్‌స్పెక్టర్ మాట్లాడ్తాండు" అన్నాడు సారయ్య. భద్రమ్మ ముక్కు చీది ఆగింది. సబ్బు అడ్వర్టైజ్‌మెంట్ రాగానే వదిలిన చోటి నుంచి మళ్లీ ఎత్తుకుంది.

"అరె, కడుపు ఎగురుతాంది సూడుండ్రి! పీనుగ ఊపిరి తీస్తాంది!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు.

"మా ఆయన కడుపు ఎన్నడు ఊకుంది గనుక?" అంది కట్టమ్మ. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. పీనుగనన్న చూస్త అని తాను అన్న మాట చెవిలో మోగుతోంది. నాలుక కోసుకోవాలనిపించింది. వేషమేనని తెలుసు, కడుపు ఎగరడం తానూ చూసింది. అయినా మెడలో పుస్తెను ఒకసారి తడిమి చూసుకుంది.

ఇంటికి పోయాక భద్రమ్మ తేరుకుంది. తేరుకోవడం కాదు, సంబరపడింది.

"కట్టా, గిది మన మంచికే అయ్యింది బిడ్డా. కాకి తలమీద తన్నితే ఏం చేస్తం? మనిషి సచ్చిండని చుట్టాలకు వట్టి కబురు పంపుతం. వాళ్లు ఏడిస్తే గండం పోతది. వానికి ఏ కాకి తన్నిందో ఏమో, దేవుడే టీవీల కబురు పంపిండు. నేను ఏడ్చిన, వాడకట్టంత ఏడ్చింది. ఇగ నువ్వొక్కదానివి ఏడిస్తే గండం గడిచి వాడు ఇంటికొస్తడు. పెండ్లాం ఏడ్వంది కబురు చెల్లదే!"

"బతికున్నోనికి నేనెందుకేడ్వాలె అత్తా?"

"నా కొడుకు రావద్దా?"

రావాలి. ఆ సంగతి అత్తకన్నా కట్టమ్మకే ఎక్కువ తెలుసు. కానీ ఏడ్చేవాళ్లే చంపేవాళ్లని వాడ మొత్తానికి పాఠం చెప్పింది తానే. ఇప్పుడు తాను ఏడిస్తే ఆ వాకిట్లో జనం ఏమనుకుంటారు? తరిమింది తానేనని అందరికీ తెలుసు, దానికి తోడు ఏడుపు కూడానా? అందుకని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. భద్రమ్మ మాత్రం పూటపూటకూ కోడలి కళ్ల వైపు చూసేది, తడి కనబడుతుందేమోనని.

ఆ కేసు ఒక్క ఆదివారంతో తెగలేదు. చచ్చినవాడు పెద్ద ఆస్తిపరుడట, వారం వారం సాగింది. రాజమల్లు మళ్లీ పడుకోలేదు గాని, అతని ఫోటో ఇన్‌స్పెక్టర్ గదిలో గోడకు ఎక్కింది. పట్టు కోటు, పక్క పాపిడి, పెదవి మీద చిన్న నవ్వు. ఇన్‌స్పెక్టర్ ప్రతి వారం దాని ముందు నిలబడి గడ్డం గోక్కునేవాడు. జనానికి ఒళ్లు మండేది. "మనోన్ని సంపినోన్ని పట్టుడు సాత గాదు గని, గడ్డం గోకుతడు!" "పాత ఇన్‌స్పెక్టరైతే మొదటి వారమే పడుతుండె." మిల్లు గేటు దగ్గర కార్మికులు సైతం మిర్చి కొరుకుతూ, "అక్కా, బావ కేసు ఏడిదాంక వచ్చింది?" అని అడిగేవాళ్లు. నవ్విన నోళ్లే అవి, ఇప్పుడు రాజమల్లు పేరు చెప్పి కోపం తెచ్చుకుంటున్నాయి. బతికున్నప్పుడు, అంటే ఇక్కడ ఉన్నప్పుడు, వాడికి ఇంత విలువ ఎవడిచ్చాడు!

కట్టమ్మ ఇప్పుడు వాకిట్లో అందరికన్నా ముందు కూర్చుంటోంది. దొంగను పట్టడానికని చెప్పేది. ఫోటో వచ్చినప్పుడు మాత్రం మాటలు ఆపేసేది.

హంతకుడు చచ్చినవాడి తమ్ముడేనని ఆమె ఎప్పుడో తేల్చేసింది. వాడు వచ్చినప్పుడల్లా బావురుమనేవాడు మరి. చివరి ఆదివారం బక్క ఇన్‌స్పెక్టర్ అందరినీ వరసగా నిలబెట్టి, తమ్ముణ్ణి దాటాడు, నౌకరును దాటాడు. చచ్చినవాడి భార్య ముందు ఆగాడు. తెల్ల చీరె కట్టుకుని, వచ్చినవాళ్లకు చాయ్ ఇస్తూ, మొదటి నుంచీ ఒక్క కంటిచుక్క రాల్చని మనిషి. అన్నంలో విషం పెట్టింది ఆమేనట.

"ఏడ్వకపాయె, గందుకే దొరికింది" అని సారయ్య తెలుగు చేశాడు.

అరుగు మీదివాళ్లు, వాకిట్లోవాళ్లు, ఆఖరికి గడప లోపలి సావిత్రమ్మ కూడా మెల్లగా తలలు తిప్పి కట్టమ్మను చూశారు.

"ఏంది? నన్నేం సూస్తాండ్రు? నేను సంపిన్నా? బేడీలు దెండ్రి, ఏసుకుంట!" అని లేచి కొంగు దులుపుకుని పోయింది.

ఆ వారం బేరం సగానికి పడిపోయింది. నవ్వులాటకేనంటారు గాని, మిర్చి చేతికిస్తే ఒకడు వాసన చూశాడు. ఇంకొకడు, "అక్కా, ముందుగాల నువ్వొకటి తిను" అన్నాడు. వాడి వీపు మీద జల్లిగంటె మోగింది. ఏడిస్తే ఒక తంటా, ఏడ్వకపోతే ఇంకో తంటా.

తర్వాతి ఆదివారం పోనే పోను అనుకుంది. కాని పోయింది, ఎప్పటి చోటే కూర్చుంది. కొత్త కేసు మొదలైంది, ఏదో నగల దొంగతనం. ఇన్‌స్పెక్టర్ గది వచ్చింది. గోడ ఖాళీగా ఉంది.

"ఫోటో ఏది?" అంది కట్టమ్మ.

"కేసు అయిపాయె గద! ఇంకెందుకుంచుతరు?" అన్నాడు సారయ్య.

"అయిపోతే తీసేస్తరా? గోడకుంటే వాళ్ల సొమ్మేం బాయె? వారానికొక్కపారి సూసుకుంటుంటి గద సారన్నా! గదొక్కటే ఉండె గద నాకు!" అంది. ముందు కొంగు నోట్లో కుక్కుకుంది, లాభం లేకపోయింది. కొత్తకోడలిగా పొయ్యి పొగకు ఏడ్చిన తర్వాత ఇన్నేళ్లకు కట్టమ్మ ఏడ్చింది. శోకం లేదు, మాటలు లేవు, భుజాలు ఎగిరెగిరి పడేట్టు ఏడ్చింది. అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకని సామెత చెప్తారు గాని, ఈమె ఎవరు నవ్వుతారనీ చూసుకోలేదు. నగల దొంగ వచ్చాడు, పోయాడు, ఎవరూ చూడలేదు. సేటే లేచి టీవీ బంద్ చేశాడు. ఎవరూ గర్జించలేదు.

"ఏడ్చింది! నా కోడలు ఏడ్చింది!" అని భద్రమ్మ ఒక్కతే ఆనందంతో చేతులు జోడించి ఆకాశానికి మొక్కింది.

కబురు చెల్లిందో, బొంబాయిలో తిండి చెల్లిపోయిందో గాని, నెల తిరక్కముందే రాజమల్లు సాయంత్రం బండికి దిగాడు. కోటు లేదు, చిక్కిపోయాడు. మిల్లు గేటు దగ్గర జనం అతన్ని చుట్టుముట్టారు. నిన్ను చంపేది పెండ్లామేనని నీకు ముందే ఎరుకనా అని ఒకడు, ఆ పట్టు కోటు నీకే ఇచ్చిండ్రా అని ఒకడు.

"మళ్ల ఏశం ఇయ్యలేదా బావా?"

"ఒక్కపారి సచ్చినోన్ని మళ్ల ఎట్ల సంపుతరయ్యా!" అన్నాడు రాజమల్లు.

నవ్వులు సద్దుమణిగాక మూకుడు ముందుకు వచ్చి నిలబడ్డాడు. కట్టమ్మ తలెత్తలేదు. మిర్చీలు తిరగేస్తోంది.

"నా కోసం ఏడ్చినవట గదనే" అన్నాడు మెల్లగా.

"నీ కోసం ఎవతి ఏడ్చింది? ఫోటో కోసం ఏడ్చిన. ఫోటో మంచిది. ఎటూ పోకుండె. వారం వారం ఉన్నకాడనే ఉండె."

పొయ్యి వెనక గోడ ఉంది. రాజమల్లు పోయి దానికి వీపు ఆనించి, ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. ఆమె మూకుడు దించేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.